మేనమామ చెప్పిన సెక్షన్

గుడియాత్తం,
1952 మే

తమ్ముడూ రాఘవులూ,

బాగున్నావా అని అడిగే ఓపిక కూడా నాకు లేదు. సుబ్బరాయులు చచ్చిపోయాడు. మీ బావకు ఉన్నది ఒక్క తమ్ముడు, వాడు పోయాడు. నీకు తంతి కొట్టించాం. నువ్వు రాలేదు. ఎందుకు రాలేదో తరవాత చెబుదువుగాని, ముందు వాడు ఎలా పోయాడో నా నోటితోనే విను.

ఎండాకాలం కౌండిన్య ఏట్లో ఇసుక తోడి మనవాళ్ళు ఊటకాలవ తీస్తారు కదా. ఇంటికొక మనిషి వెళ్ళి తోడాలి. మనిషిని పంపని ఇంటికి నీళ్ళ వంతు లేదు, ఇది మా మామగారి తాతల నాటి కట్టుబాటు. ఈ ఏడు రంగరాజులు ఒక్కణ్ణీ పంపలేదు. మీ బావకు పినతండ్రి కొడుకై ఉండి, పక్క పొలం వాడై ఉండి, మన వంతు నాడు పట్టపగలు గట్టు తెంచి నీళ్ళు తన చెరకు తోటకు తిప్పుకున్నాడు. సుబ్బరాయులు గండి పూడ్చడానికి వంగాడు. వంగినవాణ్ణి వంగినట్టే పారతో తొడమీద నరికాడు ఆ పాపిష్ఠివాడు. రెండోసారి కూడా ఎత్తాడట, మీ బావ పరుగెత్తుకొస్తుంటే పారిపోయాడు.

గుడియాత్తంలో డాక్టరు సెలవులో ఉన్నాడు. కాంపౌండరు గుడ్డ చుట్టి మీ రాయవేలూరికి తీసుకుపొమ్మన్నాడు. ఎద్దుల బండి కట్టాం. మా పిల్ల పుష్పవతి తన చిన్నాయన తల ఒడిలో పెట్టుకుని కూర్చుంది. రక్తం బండి పలకల సందుల్లోంచి కారి రోడ్డుమీద పడుతూనే ఉంది. పళ్ళికొండ చేరకముందే వాడు మాట్లాడడం మానేశాడు. అక్కడే బండి తిప్పాం.

కర్మంతరం అయిన మర్నాడు మీ బావ అందరి ముందూ అన్నాడు: "నా కూతురు డాక్టరు కావల్ల. ఈ ఊర్లోనే కూసోవల్ల. ఇంగొకడు బండిలో చావగూడదు." ఆయన సంగతి నీకు తెలుసు. ఆయన దగ్గితే పాలేళ్ళు లేచి నిలబడతారు. చెయ్యి ఎత్తాడంటే ఎద్దని చూడడు, మనిషని చూడడు, నన్ను కూడా చూడలేదు రెండు మూడు సార్లు. అలాంటి మనిషి ఆడపిల్లను చదివిస్తానంటే నేను నమ్మలేక రెండోసారి అడిగి చెప్పించుకున్నాను.

ఇప్పుడు నీతో పని. పుష్ప మూడో ఫారం పాసైంది. నాలుగో ఫారంలో చేరేటప్పుడే సెక్షన్ ఎంచుకోవాలట. మా ఆడపిల్లల హైస్కూల్లో రెండు ఉన్నాయి. ఒకటి సైన్సూ, కాంపోజిట్ లెక్కలనే పెద్ద లెక్కలూ. రెండోది గృహశాస్త్రం, పిల్లలు ఇంటిపని సెక్షన్ అంటారు. ఒకసారి చేరితే ఎస్.ఎస్.ఎల్.సి. దాకా అదే. డాక్టరు కావాలంటే ఏది తీసుకోవాలి? స్కాలర్‌షిప్పు దేనికి వస్తుంది? ఇక్కడ మాకు చెప్పేవాళ్ళు లేరు. నువ్వు హైస్కూల్లో మాస్టరువి, నువ్వు ఏది చెబితే అది.

అయినా నీకూ లాభమే కదరా. మేనమామవి, పిల్ల పుట్టిన నాడే నీదని మన అమ్మ అనేసి పోయింది. పెళ్ళాం డాక్టరైతే నీ తలనొప్పికి మాత్రలు ఊరికే వస్తాయి. ఏడుపులో కూడా నీతో వేళాకోళం ఆడుతున్నాను చూడు.

నీ అక్క
అలివేలమ్మ


రాయవేలూరు,
1952 జూన్

అక్కకు నమస్కారాలు.

తంతి అందింది. పరీక్ష పేపర్లు దిద్దే పనిలో సెలవు దొరకలేదు. సుబ్బరాయులు బావ ముఖం కళ్ళముందే ఉంది. నేను వచ్చినా చేసేదేముందని ఊరుకున్నాను. బావగారిని తొందరపడవద్దని చెప్పు, చట్టం చూసుకుంటుంది.

పుష్ప సంగతి బాగా ఆలోచించాను. గృహశాస్త్రంలో చేర్పించండి. ఆ పేరు విని వంటా కుట్టూ అనుకునేరు. అందులో శరీరధర్మం ఉంది, శుభ్రత ఉంది, రోగులకు పథ్యం వండడం ఉంది, దెబ్బలకు కట్టు కట్టడం ఉంది. డాక్టరుకు కావలసినవి ఇవే కదా! సైన్సు సెక్షన్ ఇంజనీర్లయ్యే మగపిల్లలకు పనికొస్తుంది. కాంపోజిట్ లెక్కలు ఆడపిల్లలకు కొరుకుడు పడవు. నా క్లాసులోనే తెలివైన కుర్రాళ్ళు తప్పుతున్నారు. మార్కులు తగ్గితే స్కాలర్‌షిప్పు రాదు. గృహశాస్త్రంలో మార్కులు ధారాళంగా వేస్తారు, దానివల్ల కాలేజీ సీటూ స్కాలర్‌షిప్పూ రెండూ సులువవుతాయి.

ఇంకొక మాట. ఆంధ్ర రాష్ట్రం ఇవాళో రేపో వచ్చేలా ఉంది. చిత్తూరు ఎటు పోతుందో, గుడియాత్తం ఎటు పోతుందో చెప్పలేం. రెండు రాష్ట్రాలకీ నడుమ పడ్డ తెలుగు పిల్లకు సైన్సు సీట్లలో ఎవరు చోటిస్తారు? గృహశాస్త్రమైతే ఎక్కడైనా చెల్లుతుంది.

నా మాట మీద నమ్మకం ఉంచు. ఇతరులను అడిగి పిల్ల మనసు పాడుచేయవద్దు.

నీ తమ్ముడు
రాఘవులు


గుడియాత్తం,
1952 సెప్టెంబరు

తమ్ముడూ,

నువ్వు చెప్పినట్టే చేర్పించాం. మీ బావ సంతకం పెట్టాడు. పుష్ప మాత్రం ఆ రోజు అన్నం తినలేదు. మేనమామ చెప్పాడే అని సర్దిచెప్పాను.

ఇక్కడి కబురు విను. రంగరాజులు జామీను మీద బయటికొచ్చాడు. మంగళవారం సంతలో మీ బావ ఎద్దుల్ని బేరం చేస్తుంటే వెనకనుంచి వచ్చి కాడిమానుతో తలమీద కొట్టాడు. ఇద్దరు మనుషులు పట్టుకున్నారు, వాడు కొట్టాడు. చెవి పైన చీలిపోయింది. జనం చూస్తూ నిలబడ్డారు. పక్కింటి వేలాయుధం ఒక్కడే అడ్డుపడ్డాడు, పాపం అతనికీ రెండు పళ్ళు ఊడిపోయాయి. మీ బావ రక్తంతో తడిసి ఇంటికి వచ్చి "అలివేలూ, కొడవలి యాడ ఉండాది?" అని అడిగాడు. నేను కొడవలి ముందే బావిలో పడేశాను. లేకపోతే ఈ జాబు ఇంకోలా ఉండేది.

పుష్ప తండ్రి తల కడిగింది. కడుగుతూ నన్ను అడిగింది, "అమ్మా, ఇస్కూల్లో నేర్పిచ్చే కట్టు దీనికి చాలదు. లోపల ఎముక పగిలిందో లేదో నాకు తెలవల్ల గదా? మాకు పాయసం జెయ్యడం, దిండు గలీబులకు పువ్వులు కుట్టడం నేర్పిస్తా ఉండారు. సైన్సు సెక్షన్లో పిల్లోళ్ళు గుండెకాయ బొమ్మ గీస్తా ఉండారు. మామను ఇంగొక తూరి అడుగమ్మా."

అడుగుతున్నాను. నిజంగా ఇదే దారి కదా? నువ్వు ఎవరినైనా కాలేజీలో కనుక్కుని రాయి. ఇప్పుడైతే మార్చడానికి వీలుంటుందేమో. ఆయన ఈ చదువు మాట పట్టుకునే ఇంకా చెయ్యి చేసుకోకుండా ఉన్నాడు. దాని చదువు తప్పిపోయిందంటే ఆయన్ను ఆపేది ఏదీ లేదు.

అలివేలమ్మ


రాయవేలూరు,
1952 డిసెంబరు

అక్కా,

నీ అనుమానాలు నన్ను బాధించాయి. పదేళ్ళుగా పాఠాలు చెబుతున్నవాణ్ణి. కనుక్కున్నాను, ఇదే దారి. చిన్నపిల్ల గుండెకాయ బొమ్మలని ఏడిస్తే పెద్దవాళ్ళు కూడా వెంటబడతారా?

ఇక్కడి పరిస్థితి నీకు తెలియదు. ఆంధ్ర రాష్ట్రం గొడవల కబుర్లు రోజూ వస్తున్నాయి, రైళ్ళు ఆగాయంటున్నారు, తుపాకులు పేలాయంటున్నారు. మొన్న మా వీధిలో ఒక కుండల వ్యాపారి దుకాణం మీద తెలుగు బోర్డు ఉందని గుంపు వచ్చి పడింది. బోర్డు పీకి దానితోనే అతణ్ణి కొట్టారు. మేకులు ఇంకా దానికే ఉన్నాయి. అతని చెంప వేలాడడం నేను కిటికీలోంచి చూశాను. తలుపు తెరవలేదు. తెరిచి ఉంటే నా చెంప కూడా అలాగే ఉండేది. ఎవరు కొట్టారో, ఏ పార్టీవాళ్ళో ఎవరికీ తెలియదు. చిత్తూరు వైపు తమిళ బోర్డులకూ ఇదే గతి పడుతోందని చెప్పుకుంటున్నారు.

అందుకే చెబుతున్నాను. రేపు పుష్పను కాలేజీ చదువుకని ఈ ఊళ్ళో హాస్టల్లో ఒంటరిగా ఉంచుతారా? ఒక తోడు ఉండాలి. వైశాఖంలో ముహూర్తం పెట్టండి. పెళ్ళయితే నా ఇంట్లోనే ఉంటుంది. నేనే దగ్గరుండి చదివిస్తాను. నాకు ఇరవై ఎనిమిది వచ్చాయి, హోటల్ అన్నం తిని కడుపు పాడైపోయింది. మన అమ్మ ఇచ్చిన మాట ఎప్పటికి తీరుస్తావు?

బావగారితో మాట్లాడి వెంటనే రాయి.

రాఘవులు


గుడియాత్తం,
1953 ఫిబ్రవరి

రాఘవులూ,

రెండు సంగతులు. రెండూ నా ఒంట్లో నిప్పు పోసినవే.

మొదటిది, కేసు కొట్టేశారు. రంగరాజులు విడుదలై, దండ వేసుకుని, మా ఇంటి ముందు నుంచి టపాకాయలు కాల్చుకుంటూ వెళ్ళాడు. మీ బావ తప్ప సాక్షులుగా ఉన్నవాళ్ళంతా కోర్టులో ఏమీ చూడలేదన్నారు. మీ బావ గొడ్డలికి సాన పట్టాడు. నేను గుమ్మానికి అడ్డంగా పడుకున్నాను. నన్ను జుట్టుపట్టి లాగాడు, కదల్లేదు. అప్పుడు పుష్ప వచ్చి, "నాయనా, నువ్వు ఉరికంబమెక్కితే నన్ను సదివిచ్చేది ఎవురు?" అంది. ఆయన గొడ్డలి అటకమీద పెట్టి, కూతురి తలమీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నాడు. ఈ చదువు ఒక దారిన పడేదాకా ఎవర్నీ నరకడట. అలాంటి ఒట్టు నేను ఎక్కడా వినలేదు, కానీ దాన్ని నిలబెట్టుకుంటున్నాడు.

రెండోది నీ సంగతి. వారానికోసారి పేర్ణాంబట్టు రోడ్డుపక్క ఆస్పత్రి వ్యాను వచ్చి ఆగుతుంది. మీ బావ తలనొప్పులకు మందు కోసం పుష్పతో పాటు వెళ్ళాను. అందులో శారదమ్మ అని ఒక లేడీ డాక్టరు, చిత్తూరు వైపు మనిషి. మాటల్లో పుష్పను అడిగింది, "ఏ సెక్షన్లో ఉండావు పాపా?" చెప్పింది. ఆమె నా మొహం చూసింది. "ఎవురమ్మా ఈ బిడ్డను దాంట్లో ఏసింది? ఇంటిపని సెక్షన్లో పాసైనోళ్ళకు కాలేజీలో సైన్సు గ్రూపు ఇయ్యరు. ఆ గ్రూపు లేకుంటే డాక్టరు సదువుకు అర్జీ గూడా తీసుకోరు. డాక్టరు సదువుకిచ్చే స్కాలర్‌షిప్పు గూడా అంతే, ఆ గ్రూపు సదివినోళ్ళకే. మార్కులు నూటికి నూరు తెచ్చినా ఏం లాబం?"

పుష్ప ఏడవలేదు. నావైపు చూసింది. ఆ చూపుకు బదులు నువ్వే ఇవ్వాలి.

మాస్టరువి. కాలేజీ ఉన్న ఊళ్ళో ఉన్నావు. ఇది నీకు తెలియదంటే నమ్ముతాను, తెలివితక్కువ తమ్ముణ్ణి కన్నదని మన అమ్మను తిట్టుకుని ఊరుకుంటాను. తెలిసే రాశావా? ఒక్క ముక్క రాయి చాలు.

ఇంకా దారి ఉంది. శారదమ్మ మా పెద్దపంతులమ్మతో మాట్లాడింది. నాలుగో ఫారం సైన్సూ లెక్కలూ పుష్ప సొంతంగా చదివి, జూన్‌లో బడి తెరవగానే స్కూలు పెట్టే పరీక్ష పాసైతే అయిదో ఫారంలో సైన్సు సెక్షన్లోకి మారుస్తారట. అది ఒక్కసారే. తప్పితే ఇంకంతే. అప్పటినుంచి అది పుస్తకం దించడం లేదు. ఇంటి పనంతా నేనే చేస్తున్నాను. వైశాఖం మాట ఇక ఎత్తకు.

మీ బావకు నీ పేరు చెప్పలేదు. పొరపాటు నాదేనన్నాను. చెంప మీద ఒకటి పడింది. నీ వంతు దెబ్బ అది, నేను తిన్నాను.

అలివేలమ్మ


రాయవేలూరు,
1953 మార్చి

అక్కా,

ఒక్క ముక్క అడిగావు. తెలిసే రాశాను.

ఎందుకు రాయకూడదు? డాక్టరైన పిల్ల నలభై రూపాయల మాస్టర్ని చేసుకుంటుందా? చేసుకున్నా నా కళ్ళల్లోకి చూసి మాట్లాడుతుందా? మేనమామ హక్కు మన కులంలో ఎవరూ కాదనలేనిది. అది నాకు పుట్టుకతో వచ్చింది. మీరు ఒక చావు చూసి భయపడి, నాతో ఒక్క మాట అనకుండా, నా పిల్లను డాక్టరు చేస్తామని ఊరంతా చాటారు. పైగా నన్నే దారి చెప్పమన్నారు. నాకు మంచిదైన దారి చెప్పాను.

మీ పెద్దపంతులమ్మకు కూడా రాశాను. పిల్లకు పెళ్ళి కుదిరిందనీ, పరీక్షకు కూర్చోబెట్టవద్దనీ, కాబోయే భర్తగా నాకు అభ్యంతరం ఉందనీ.

నీకు తెలియని సంగతి ఇంకొకటి. కేసు విచారణకు ఈ ఊరు వచ్చినప్పుడల్లా రంగరాజులు నా గదిలోనే భోంచేశాడు. అసహ్యించుకుంటావని తెలుసు. అతను నన్ను మనిషిలా చూశాడు. బావ ఎప్పుడైనా చూశాడా? నన్ను ఆడంగి అని నీ గుమ్మంలోనే అనలేదా? నా హక్కుకు అడ్డొస్తే మనుషుల్ని ఇస్తానని రంగరాజులు మాట ఇచ్చాడు.

నేను వస్తాను. అడుక్కోవడానికి రాను. పసుపుబట్టలు ఇంట్లో సిద్ధంగా ఉంచితే పెద్దతనం నిలబడుతుంది. లేకపోతే నేనే తెచ్చుకుంటాను.

రాఘవులు


గుడియాత్తం,
1953 జూన్

రాఘవులూ,

ఆస్పత్రి మంచం మీద ఉన్న నీకు ఎవరో ఒకరు ఇది చదివి వినిపిస్తారనుకుంటాను. కన్ను వాచి మూసుకుపోయిందని విన్నాను. నువ్వు స్పృహ తప్పేదాకా జరిగింది నీకు తెలుసు. ఆ తరవాతది ఎవరూ నీకు సరిగ్గా చెప్పి ఉండరు.

ఎంత లెక్కగా వచ్చావురా! పరీక్ష రోజే వచ్చావు. పొద్దున్నే రంగరాజులు ఊటకాలవ గట్టు తెంచాడని కబురు పంపించి మీ బావను ఏటికి తరిమావు. ఆయన వెళ్ళగానే జట్కా బండి మా గుమ్మంలో ఆగింది. ఇద్దరు మనుషులు, వాళ్ళ చేతుల్లో కర్రలు, నీ చేతిలో పసుపుబట్టల మూట. పుష్ప అప్పుడే పరీక్ష అట్టా పెన్సిలూ తీసుకుని బయలుదేరుతోంది. నువ్వు దాని జడ పట్టుకున్నావు. మన పుష్ప జడ, రాఘవులూ. పసిపిల్లప్పుడు నువ్వే దానికి పూలు పెట్టి చంకనెత్తుకుని తిప్పినవాడివి. అది కిందపడింది. నువ్వు గడప దాకా ఈడ్చావు. దాని మోచేతి తోలు లేచిపోయి గచ్చుమీద గీత పడింది, ఇప్పటికీ కడిగితే పోలేదు.

నేను వడ్లు దంచుతున్నాను. రోకలి చేతిలోనే ఉంది. మొదటి దెబ్బ నీ మోకాలి మీద వేశాను. విరిగిన చప్పుడు నాకు వినిపించింది. జడ వదల్లేదు నువ్వు. రెండోది తలమీద. అప్పుడు వదిలావు. నేను ఆగి ఉంటే బాగుండేదని అందరూ అంటున్నారు. మూడోది నువ్వు పడిపోయాక వేశాను, పక్కటెముకల మీద. దానికి నాకు కారణం లేదు, కోపం తప్ప. నీ మనుషులు బండెక్కి పారిపోయారు. ఆడది రోకలి ఎత్తితే ఎదుర్కోవడం వాళ్ళకు ఎవరూ నేర్పలేదు కాబోలు.

నాలుగోది వేసేదాన్నే. పుష్ప నా చేతులు పట్టుకుంది. "అమ్మా, చాలు. చచ్చిపోతాడు" అంది. నిన్ను పక్కకు తిప్పి పడుకోబెట్టింది, నోట్లో నిండిన రక్తం వేలితో తీసేసింది, లేకపోతే అదే గొంతుకు అడ్డం పడి పోయేవాడివట. కాలికి పొయ్యి కట్టెలు రెండు పెట్టి నువ్వు తెచ్చిన పసుపుబట్టలే చింపి కట్టింది. వేలాయుధాన్ని పిలిచి, నిన్ను రాయవేలూరికి పంపడానికి బస్సు ఆపించింది. అప్పుడు నేనన్నాను, "నువ్వు పోవే. పరీచ్చకు పో." అది నిన్నూ నన్నూ చూసి, మొహం కూడా కడుక్కోకుండా బడికి పరుగెత్తింది. ఓణీ నిండా నీ రక్తంతోనే కూర్చుని పరీక్ష రాసింది. నువ్వు రాసిన అభ్యంతరం జాబు పెద్దపంతులమ్మ దాచి పెట్టిందట. దాన్ని పుష్పకు చూపించి, "నీ ఇష్టమేమి?" అని అడిగిందట. "కొచ్చెను పేపరు ఇయ్యండమ్మా" అన్నదట మన పిల్ల.

మీ బావ ఏటినుంచి వచ్చేసరికి పోలీసులు వచ్చి ఉన్నారు. గచ్చుమీది రక్తం చూశాడు, నా చేతిలో రోకలి చూశాడు. రోకలి నా చేతిలోంచి లాక్కుని "నేనే కొట్టినా. ఆ రాఘవులు నాబట్టను నేనే కొట్టినా" అన్నాడు. చేతులు చాపాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మనిషి నా కోసం చేసిన మొదటి పని అది. నేను చూస్తుండగానే ఆయన్ను తీసుకుపోయారు. ఇప్పుడు ఆయన నీ ఊళ్ళోనే జైల్లో ఉన్నాడు.

బతుకుతావని డాక్టర్లు చెప్పారట. సంతోషించాను. ఎందుకు సంతోషించానో నాకే తెలియదు.

అలివేలమ్మ


రాయవేలూరు, ఆస్పత్రి,
1953 జూలై

అక్కా,

పక్క మంచం మనిషితో రాయిస్తున్నాను. ఒక కంటికి చూపు రాదన్నారు. కాలు కుదురుకున్నా కుంటు తప్పదట. ఈ కుంటివాడికి ఇప్పుడు ఎవరు పిల్లనిస్తారు?

కోపం పక్కన పెట్టి లెక్క చూసుకుందాం. బావ నేరం ఒప్పుకున్నాడు. సబ్ ఇన్స్పెక్టరు నా వాంగ్మూలం కోసం రెండుసార్లు వచ్చాడు. తల తిరుగుతోందని పంపేశాను. నేను కూడా బావ పేరే చెబితే అయిదేళ్ళకు తక్కువ పడదు. పాత పగ ఉంది కనుక ఇంకా ఎక్కువ పడొచ్చు. మగదిక్కు లేని ఇంటికి ఊటకాలవలో మనిషిని ఎవరు పంపుతారు? మనిషి లేనిదే వంతు లేదు, వంతు లేనిదే పంట లేదు. రంగరాజులు పొలం గట్టు మీదే కూర్చుని చూస్తున్నాడు. పిల్ల పరీక్ష పాసైనా ఫీజు ఎక్కణ్ణుంచి తెస్తావు? జైలుకు పోయినవాడి కూతురి పేరు స్కాలర్‌షిప్పుకు ఎవరు పంపుతారు?

ఒక్క దారి ఉంది. పుష్పను నాకు ఇవ్వు. నేను అటకమీంచి జారిపడ్డానని చెబుతాను. బావ మర్నాడే ఇంటికి వస్తాడు. చదువు అంటావా, సైన్సు సెక్షనే చదువుకోనీ, ఎస్.ఎస్.ఎల్.సి. దాకా నేను అడ్డు చెప్పను. నీ మొగుడో, నీ కూతురి కాలేజీయో, ఏది కావాలో తేల్చుకో. శ్రావణం దాటనివ్వకు.

రాఘవులు


రాయవేలూరు, ఆడవాళ్ళ జైలు,
1953 ఆగస్టు

తమ్ముడూ,

పైన ఊరి పేరు చూసి ఆశ్చర్యపోకు. ఇద్దరం ఇప్పుడు ఒక్క ఊళ్ళోనే ఉన్నాం. నీ ఆస్పత్రి ఇక్కడికి ఎంత దూరమో వార్డరును అడిగాను, నడిచి పోవచ్చట.

నీ జాబు వచ్చిన రోజే పుష్ప ఫలితం కూడా వచ్చింది. సైన్సులో బాగా వచ్చాయి. కాంపోజిట్ లెక్కల్లో గట్టున పడింది. ఆడపిల్లలకు కొరుకుడు పడవన్నావు చూడు, కొరికేసింది. అయిదో ఫారం సైన్సు సెక్షన్లో దాని పేరు రాసుకున్నారు. అప్పుడు నేను నీ జాబు పెద్దపంతులమ్మకు చదివి వినిపించి ఒక్కటే అడిగాను. తండ్రి జైల్లో ఉంటే స్కాలర్‌షిప్పు ఆగుతుందా, తల్లి జైల్లో ఉంటే ఆగుతుందా? ఆమె నవ్వలేదు. "వాళ్ళు సెక్షన్ చూస్తారు, మార్కులు చూస్తారు. మీ ఇంట్లో ఎవరు ఎక్కడ ఉన్నారన్నది దాంట్లో అడగరమ్మా" అంది. నాకు అంత చాలు.

కాలవలో ఇసుక తోడడానికి మగమనిషి కావాలి, నేను పనికిరాను. పిల్లకు అన్నం ఎవరైనా వండొచ్చు. నువ్వు చెప్పినట్టే లెక్క చూసుకున్నాను, రాఘవులూ. లెక్క ప్రకారం ఇంట్లో ఉండవలసింది ఆయన, ఇక్కడ ఉండవలసింది నేను.

స్టేషనుకు వెళ్ళి కొట్టింది నేనని చెప్పాను. ఇన్స్పెక్టరు నవ్వాడు. "మొగుడ్ని కాపాడుకునేదానికి వచ్చినావా? ఇంటికి పో" అన్నాడు. సాక్ష్యంగా పెట్టిన రోకలి ఆ మూలనే ఉంది. దాన్ని రెండు చేతులా ఎత్తి మొదటి దెబ్బ ఎలా వేశానో, రెండోది ఎలా వేశానో చూపించాను. మూడోది చూపించబోతే ఇన్స్పెక్టరు కుర్చీ వెనక్కి జరుపుకుని కాగితాలు తీశాడు. వేలాయుధం కూడా వచ్చి చూసింది చూసినట్టు చెప్పాడు, ఆ రెండు పళ్ళు ఊడిన నోటితోనే.

మీ బావను వదిలేశారు. రెండు జైళ్ళూ పక్కపక్కనే, గుమ్మాల దగ్గర ఆయన బయటికొస్తూ, నేను లోపలికి పోతూ ఎదురయ్యాం. తిడతాడనుకున్నాను. "ఎందుకే ఇట్ల జేసినావు" అని మాత్రం అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. గొడ్డలి అటకమీంచి దించవద్దన్నాను. బిడ్డ డాక్టరయ్యేదాకా దించనన్నాడు. ఆయన ఏడవడం నేను చూడడం అదే మొదలు.

పోయిన ఆదివారం పుష్ప నన్ను చూడడానికి వచ్చింది. నాయన రోజూ సంగటి మాడుస్తున్నాడట, మాడింది తానే తిని మంచిది దీనికి పెడుతున్నాడట. రంగరాజులు మొన్న గట్టు మీదికి వస్తే ఊరివాళ్ళు ఈసారి పారలతో అడ్డం నిలబడ్డారట. ఒకడు నిజం చెప్పాక మిగిలినవాళ్ళకు కూడా నోళ్ళు వచ్చినట్టున్నాయి. నిన్ను కూడా ఆస్పత్రిలో చూసి వెళతానంది. వద్దనలేదు. వచ్చిందా? నీ కన్ను చూసి ఏమంది? నాకు రాయాలని లేకపోతే రాయకు.

నిన్ను కొట్టినందుకు నాకు పశ్చాత్తాపం ఉందా అని మొదటిరోజే జైలు పంతులమ్మ అడిగింది. మూడో దెబ్బకు ఉందన్నాను. మొదటి రెండింటికీ లేదు. కానీ కన్ను పోయిందని విన్న రోజు నేను అన్నం తినలేదు. నిన్ను ఎత్తుకుని పెంచిన చేతులే ఇవి. నీ మీద ప్రేమ చావలేదు, అదే నాకు ఎక్కువ బాధ.

ఇక నీ దగ్గర బేరానికి ఏమీ లేదు. పిల్ల లేదు, బావ లేడు, నేను భయపడేదీ లేదు. వచ్చే నెల కోర్టులో నిన్ను బోనెక్కించి, ఎవరు కొట్టారని అడుగుతారు. అటకమీంచి జారిపడ్డానని చెప్పకు. తల తిరుగుతోందని చెప్పకు. ఒక్కసారైనా తెలిసిన నిజం తెలిసినట్టు చెప్పు. జడ్జీగారికి వినబడేలా, తలెత్తి చెప్పు, మా అక్క కొట్టిందని.

అలివేలమ్మ